కుబియాక్ వారి ముందు తలుపు

విభూది బుధవారం వెళ్లిన శనివారం

ప్రియమైన అక్కకి,

ఏటా ఈ నలభై రోజులూ నువ్వు ఫోను ముట్టవు. తపస్సుకాలంలో మిఠాయిలు మానేసేవాళ్లని చూశాను, బీరు మానేసేవాళ్లని చూశాను గానీ, సొంత చెల్లెలి గొంతు మానేసే కన్యాస్త్రీని నిన్నొక్కదాన్నే చూశాను. మఠంలో నీకది తపస్సు. ఇక్కడ నాకు నోరు కట్టేసినట్టు ఉంటుంది. అందుకే కలం పట్టుకున్నాను. నా కోడిగీతలు చూసి నవ్వకు, విశేషం అలాంటిది. మన ఊళ్లో సగంమంది నన్ను వెలివేశారు. వెలివేయించింది ఎవరో కాదు, నీ ముద్దుల తమ్ముడు, నా అన్నయ్య నోర్బర్ట్.

మొదటినుంచీ చెబుతాను. మన సప్పర్ క్లబ్బు హోటలు ముందు తలుపు అద్దం మీద నాన్న అంటించిన స్టిక్కరు నీకు గుర్తుండే ఉంటుంది. డేగ బొమ్మ వేసి 'తుపాకీ హక్కుల సంఘం సభ్యులకు స్వాగతం' అని ఉండేది. శుక్రవారం చేపల భోజనానికి వచ్చి సంఘం కార్డు చూపించినవాళ్లకి ఆపిల్ పెట్టి కాల్చిన తీపి, అదే ఆపిల్ పై, ఒక ముక్క ఊరికే పెట్టడం కూడా నాన్న పెట్టిన ఆనవాయితీయే. మే నెలలో వాళ్ల విందు మన హాల్లోనే. అన్నయ్య ఆ సంఘం మన ఊరి శాఖకి అధ్యక్షుడై పదహారేళ్లు అయింది.

పోయిన నెల దక్షిణాదిన ఒక బడిలో కాల్పులు జరిగాయి కదా, మీ మఠంలోనూ ప్రార్థనలు చేసే ఉంటారు. ఆ తరవాత కార్లు అద్దెకిచ్చే కంపెనీ ఒకటి, విమానాల కంపెనీ ఒకటి, బీమా కంపెనీ ఒకటి, వరసగా సంఘంతో తెగతెంపులు చేసుకుంటున్నామనీ, ఇక సభ్యులకి తగ్గింపు ధరలు లేవనీ ప్రకటించాయి. ఆ కంపెనీల గడప ఇక తొక్కబోమని సంఘం వాళ్లు, అయితే మేము పనిగట్టుకుని తొక్కుతామని అవతలివాళ్లు. ఈ రగడంతా టీవీలోనే ఉంటుందిలే అనుకున్నాను. తీరా చూస్తే మన వాకిట్లోకి వచ్చింది.

నేను స్టిక్కరు తీసేశాను అక్కా. పై ముక్క మానేశాను. జిల్లా వారపత్రిక మొదటి పేజీలో వేసింది, 'పెద్ద కంపెనీల బాటలో చిన్న ఊరి ధీరవనిత' అని. ఫొటోలో ధీరవనిత తలకి వంటింటి వల బిగించుకుని, చేతిలో చేపల జల్లెడ పట్టుకుని ఉంది.

పత్రిక వచ్చిన పూటే అన్నయ్య ఫోను చేశాడు. ఎందుకు చేశావని అడగలేదు. నాన్న అంటించింది తియ్యడానికి నీకు చేతులెలా వచ్చాయని అరిచి పెట్టేశాడు. నాకూ పౌరుషం వచ్చింది. నేనూ ఆయన చెల్లెల్నే కదా.

ఇక అసలు తమాషా విను. విభూది బుధవారం పూజ అయ్యాక, తుపాకీ గురి సాధన చేసే షూటింగ్ రేంజి హాల్లో సభ పెట్టారు. ముప్పై ఒక్కమంది నుదుట విభూదితో కూర్చుని, ఈ రోజునుంచీ సభ్యులెవరూ, వారి కుటుంబాలూ 'కుబియాక్ సప్పర్ క్లబ్బు ముందు తలుపు దాటి అడుగు పెట్టరాదు' అని తీర్మానం చేసి సంతకాలు పెట్టారు. దాని నకలు నాకు రిజిస్టరు పోస్టులో వచ్చింది. అన్నయ్య ఇల్లు నా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది, అయినా రిజిస్టరు పోస్టే. అంతమందిలో ఒక్కడూ క్యాలెండరు వంక చూడలేదక్కా. బుధవారం సంతకం పెట్టారు, శుక్రవారం వచ్చింది. మాంసం ముట్టకూడదు. ఇంకా ఆరు శుక్రవారాలున్నాయి. చేపలు వేయించి పెట్టే చోటు నలభై మైళ్లలో ఇదొక్కటే. ఫాదర్ స్టానిస్లాస్ నాతో అన్నారు, తన ముప్పై ఏళ్ల గురుత్వంలో ఇంత కఠినమైన తపస్సు చూడలేదట.

నిన్నటి శుక్రవారం సగం బల్లలు ఖాళీ. కిటికీ పక్కన, నాన్న ఫొటో కింద, అన్నయ్య బల్ల మీద అలవాటుగా రై రొట్టె బుట్ట పెట్టేశాను. పెట్టాక గుర్తొచ్చింది. ఆ బుట్ట తీసుకెళ్లి మళ్లీ లోపల పెట్టేశాను. నవంబరులో జింకల వేట మొదటి రోజు నలభై తొమ్మిదేళ్లుగా మేమిద్దరం ఒకే మంచె మీద కూర్చుంటున్నాం. ఈ ఏడు ఆ మంచె ఎక్కేది నేనొక్కదాన్నేనేమో అనిపించింది.

సాయంత్రం జెనీవా వదిన వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి రెండు పొట్లాలు కట్టమంది. ఎవరికని అడిగాను. పిల్లికట. పిల్లికి క్యాబేజీ తురుము, నిమ్మచెక్క కూడా కావాలంది. కట్టి ఇచ్చాను.

వెలిపడిన నీ చెల్లెలు,
మార్లిస్


తపస్సుకాలం మూడో శనివారం

అక్కా,

నీ నుంచి ఉత్తరం రాలేదు. రాకపోయినా నేను రాస్తూనే ఉంటాను, ఈసారి రాయాల్సింది కడుపులో ఆగేలా లేదు. దానికి ముందు నవ్వుకునే సంగతులు రాస్తాను, ఎందుకంటే రెండోది చదివాక నీకు నవ్వాలనిపించదు.

వెలి సంగతి రాజధాని మాడిసన్ దాకా పాకింది. అక్కడినుంచి నన్ను సమర్థించడానికి కార్ల మీద కార్లు వస్తున్నాయి. మంచివాళ్లే పాపం. కానీ పొగడ్త భరించడం ఇంత కష్టమని నాకు తెలియదు. ముందు తలుపు పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటారు, పిండి లేకుండా వేయించిన చేప ఉందా అని అడుగుతారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని మీ ధైర్యానికి జోహారు అని, గోడమీది జింక తల చూసి, అదికూడా తీసేస్తే బాగుంటుంది కదా అంది. ఆ జింకని కొట్టింది నేనే అని చెప్పాను. ఆవిడ చెయ్యి వదిలేసింది. ఇంకో ఆయన వెళ్లి అన్నయ్య కుర్చీలో కూర్చున్నాడు. అది వేరేవాళ్లదని లేపేశాను. ఎవరిదని అడిగాడు. నన్ను వెలివేసిన వాళ్ల అధ్యక్షుడిదని చెబితే నా మొహం వంక అదోలా చూశాడు.

ఇక వెలివేసినవాళ్ల కష్టాలు. మొదటి శుక్రవారం మకరోనీతో గడిపారట. రెండో శుక్రవారం డబ్బా చేపలు. నిన్న ఇక తట్టుకోలేక రేంజి హాల్లో సొంత చేపల భోజనం పెట్టుకున్నారు. అన్నయ్య అధ్యక్షుడు కనుక ఉపన్యాసం ఇస్తున్నాడు. వంట మంగలి వాల్టర్‌కి అప్పగించాడు. వాల్టర్ అట్లపిండి పొడిలో చేప ముంచి, కాగని నూనెలో వేసి, అది వేగడం లేదని మంట ఒక్కసారి పెంచాడట. హాలంతా పొగ. ఊరి అగ్నిమాపక దళం కూడా వీళ్లే కాబట్టి ఎవరికీ కబురు పెట్టాల్సిన పని లేకపోయింది. దగ్గుకుంటూ తమ హాలుకి తామే నీళ్లు కొట్టుకున్నారు. వదిన నిన్న పిల్లి కోసం మూడు పొట్లాలు పట్టుకెళ్లింది.

ఇప్పుడు రెండోది. పోయిన ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను. కన్యాస్త్రీకి, అందులోనూ తపస్సుకాలంలో.

స్టిక్కరు నేను తియ్యలేదు. అంటే నా చేత్తోనే ఊడింది గానీ, తియ్యాలని కాదు. ఆ వారం చలికి అద్దం లోపలి వైపు కూడా మంచు పేరుకుంది. అట్లకాడతో గీకుతున్నాను. డేగ తల ఊడొచ్చింది. సగం డేగ ఏం బాగుంటుందని మిగతాది వెనిగర్ వేడిచేసి రుద్దేశాను. అన్నయ్యనే కొత్తది తెమ్మని చెబుదామనుకున్నాను. పై మానెయ్యడం కూడా అంతే, ఆ పూట ఆపిల్స్ రాలేదు.

ఆ మధ్యాహ్నమే పత్రిక నుంచి బ్రిన్ అనే అమ్మాయి సూపు తాగడానికి వచ్చింది. అద్దం మీద స్టిక్కరు మేరకు తెల్లగా మెరుస్తున్న చదరం చూసింది. మీరూ సంఘంతో తెగతెంపులు చేసుకున్నారా అని అడిగింది. కాదమ్మా, మంచు గీకుతుంటే ఊడింది అని చెప్పాల్సినదాన్ని. కానీ ఆ పిల్ల నన్ను ఎలా చూసిందనుకున్నావు. అరవై ఒక్క ఏళ్లలో చేపలు బాగున్నాయని చాలామంది చూశారు గానీ, అంత గొప్పదాన్ని చూస్తున్నట్టు ఎవరూ చూడలేదు. అవునమ్మా అనేశాను. ఆ ఒక్క మాటతో పెన్సిలు తీసింది. తరవాత అన్నయ్య అరవకుండా ఏం జరిగిందని అడిగి ఉంటే అప్పుడే చెప్పేసేదాన్ని. అడగలేదు. నేనూ బిగుసుకుపోయాను.

అదీ సంగతి. ధీరవనిత కాదు, అట్లకాడ వనిత. మాడిసన్ వాళ్లు చెయ్యి పట్టుకున్నప్పుడల్లా నా ఒళ్లు సిగ్గుతో కుంచించుకుపోతోంది. నా గొప్పకోసం అన్నయ్యని పోగొట్టుకుంటున్నాను. ఏం చెయ్యమంటావో చెప్పు.

నీ అబద్ధాల చెల్లెలు,
మార్లిస్


మఠం నుంచి, బుధవారం

మార్లిస్,

నీ పాపం అందింది. నేను పాపాలు వినే గురువుని కాను, క్షమాపణ నా చేతుల్లో లేదు. ఎవరికి అబద్ధం చెప్పావో వాళ్లకి నిజం చెప్పు, అంతకంటే సులువు దారి మాకూ నేర్పలేదు. కానీ చెప్పేముందు ఒకసారి ఆ ముందు తలుపు దగ్గర నిలబడి చూడు. అక్కడ మళ్లీ స్టిక్కరు ఉంటే బాగుండునని నీకనిపిస్తోందా, లేదా? నువ్వు రెండు పేజీలు రాశావు గానీ ఆ మాట మాత్రం రాయలేదు.

నీ వదిన పిల్లి చచ్చిపోయి నాలుగేళ్లయిందని నాకు గుర్తు.

నీ అక్క,
సిస్టర్ బెర్నిస్


ఐదో వారం, గురువారం

అక్కా,

నీ కార్డు అందినప్పటినుంచీ ఆ తలుపు ముందు ఎన్నిసార్లు నిలబడ్డానో. ఏమీ అనిపించలేదు. అద్దం అద్దంలా ఉంది. సరే, పత్రికకి ఫోను చేసి నిజం చెప్పేద్దాం, కొత్త స్టిక్కరు తెప్పించేద్దాం, అన్నయ్య తన కుర్చీలోకి వచ్చేస్తాడు అని తీర్మానించుకున్నాను. శుక్రవారం హడావుడి అయ్యాక చెబుదామనుకున్నాను. ఆ శుక్రవారం ఇర్మా టీచరు వచ్చింది.

నీకు తెలుసుగా, మన బడిలో చిన్న తరగతి చెప్పే ఇర్మా. మన ఊళ్లో నలభై లోపు వాళ్లందరికీ బూట్ల తాడు కట్టుకోవడం నేర్పింది ఆవిడే. ప్రతి శుక్రవారం వస్తుంది, వంటింటి తలుపున వస్తుంది. వంటవాళ్లని పలకరించి పోదామని అంటుంది. వేడి బంగాళదుంప వడియాలు దొంగిలించడానికి వస్తున్నావని నేను ఏడిపిస్తూ ఉంటాను. మొన్న ముందు తలుపున వచ్చింది. బల్ల దగ్గర కూర్చోబెట్టాక గాని నాకు ఆ సంగతి తట్టలేదు. ఏమిటి టీచరమ్మా, ఇవాళ దొరల దారిన వచ్చావు అన్నాను. ఆవిడ చేతిగుడ్డ మడతలు పెట్టింది.

"ఏడాదికి నాలుగుసార్లు, ఎవడైనా కాల్పులకి వస్తే ఎలా దాక్కోవాలో నేర్పడానికి, పిల్లల్ని కోట్లు తగిలించే గదిలోకి తోసి, దీపం తీసేసి, తలుపుకి గడియ పెడతాను మార్లిస్" అంది. "ఊపిరి కూడా చప్పుడు కాకూడదని ఐదేళ్ల పిల్లలకి నేర్పుతాను. మొన్న ఒక పిల్ల నా చెవిలో అడిగింది, నాకు తుమ్ము వస్తే మిగతావాళ్లు చచ్చిపోతారా టీచర్ అని. శుక్రవారం సాయంత్రం ఇక్కడికి వచ్చేది అవన్నీ కాసేపు మర్చిపోదామనే. తలుపు మీద ఆ డేగని చూస్తే మళ్లీ ఆ గదిలోనే ఉన్నట్టుండేది. అందుకని వెనకనుంచి వచ్చేదాన్ని. మళ్లీ అంటిస్తావేమోనని ఇన్ని వారాలూ ఆగి చూశాను."

ఎన్నాళ్లనుంచి అని అడిగాను. మూడేళ్లట. నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేదన్నాను. మీ నాన్నగారు అంటించింది కదా, నేనెలా చెబుతాను అంది.

అక్కా, ఆ వెనక మెట్లు నీకు గుర్తున్నాయా? ఎండ పడదు, మంచు కరగదు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. ఆవిడ మోకాలు ఆపరేషనైన మనిషి. మూడు చలికాలాలు ఆ మెట్లెక్కి వచ్చింది. నేనేమో వడియాల దొంగ అని నవ్వాను. లోపలికి వెళ్లి ఉల్లిపాయలు తరిగే వంకతో ఏడ్చాను. నీ ప్రశ్నకి జవాబు అప్పుడు దొరికింది. ఆ స్టిక్కరు ఇక అక్కడ ఉండటం నాకు ఇష్టం లేదు. నేను తుపాకీకి వ్యతిరేకిని కాను, నా రైఫిలు నా మంచం కిందే ఉంది, నవంబరులో వేటకి వెళతాను. కానీ ఆ తలుపున లోపలికి రాలేక ఒక మనిషి మంచు మెట్లెక్కిందంటే, అది స్వాగతం చెప్పే తలుపు కాదు.

ఇక నిన్నటి సంగతి. అన్నయ్య ట్రక్కు వచ్చి సరిగ్గా ముందు తలుపుకి పది అడుగుల దూరంలో ఆగింది. దిగలేదు, అద్దం దించాడు. నేను ఆప్రాన్‌తోనే బయటికి వెళ్లాను. చిక్కిపోయాడు. ఆ ఇంటి పిల్లికి ఏమీ మిగల్చడం లేదనుకుంటాను, అయినా చిక్కాడు. చేతిలో కవరు పెట్టాడు. లోపల కొత్త స్టిక్కరు, అదే డేగ.

"చూడు మార్లీ" అన్నాడు. "మావాళ్లందరితో మాట్లాడాను. నువ్వు పెద్దగా ఏమీ చెప్పక్కర్లేదు. ఏదో మంచు గీకుతుంటే ఊడిపోయిందని చెప్పు. మేము నమ్మినట్టు నటిస్తాం. ఇది అంటించు, ఈ శుక్రవారం అందరం వచ్చేస్తాం."

నేను నవ్వాను అక్కా. ఆపుకోలేక ట్రక్కు తలుపు పట్టుకుని నవ్వాను. ఆయన మొహం ఎర్రబడింది. నా పరువు తీస్తున్నావా అన్నాడు.

"అది నిజంగా అలాగే ఊడింది అన్నయ్యా" అన్నాను. "అట్లకాడతో గీకుతుంటే ఊడింది. ధీరవనితా లేదు, గీరవనితా లేదు. ఆ పిల్ల అడిగితే గొప్పకి పోయి అవునన్నాను. నీకు ఆ రోజే చెప్పాల్సింది."

ఇంకేం మరి, అంటించెయ్ అన్నాడు ఆయన. ఎంత సంతోషంగా అన్నాడో. నా చేతిలో కవరు ఉంది. అంటిస్తే చాలు, కుర్చీ నిండుతుంది, మంచె నిండుతుంది. ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు.

"అప్పుడు ఊడింది" అన్నాను. "ఇప్పుడు నేను తీసేశాను."

ఇర్మా సంగతి చెప్పాను. తుమ్ము సంగతి కూడా చెప్పాను. ఆయన స్టీరింగు వంక చూస్తూ విన్నాడు. కవరు తిరిగి ఇస్తే తీసుకున్నాడు. అద్దం ఎక్కించుకుని వెళ్లిపోయాడు. అరిచినా బాగుండేది. బ్రిన్‌కి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. చాలా నిరాశపడింది పిల్ల. సవరణ వేస్తానంది.

రేపు ఆఖరి తపస్సు శుక్రవారం, ఆ పైది గుడ్ ఫ్రైడే. నాకోసం ప్రార్థించు. నిజం చెప్పాక తేలికగా ఉంటుందంటారు గానీ, నాకు మాత్రం ఆ కిటికీ పక్క కుర్చీ ఇంకా ఖాళీగానే కనిపిస్తోంది.

నీ,
మార్లిస్


పవిత్ర శనివారం, పొద్దున

అక్కా,

నా చేతులనిండా నూనె మరకలు, ఈ కాగితానికీ అంటితే క్షమించు. నిన్న జరిగింది రేపు ఫోనులో చెప్పొచ్చు, కానీ నేను అప్పటిదాకా ఆగలేను.

ముందుగా పత్రిక. సవరణ ఏడో పేజీలో వేశారు, తప్పిపోయిన కుక్క ప్రకటన కింద. 'స్టిక్కరు మొదట మంచువల్ల ఊడింది, తరవాత యజమానురాలు దాన్ని తిరిగి అంటించకూడదని నిశ్చయించారు' అని. మాడిసన్ నుంచి కార్లు కాస్త తగ్గాయి. ఆ జింక తల ఆవిడ మాత్రం మళ్లీ వచ్చి, ఈసారి నాలుగు చేపలు తిని వెళ్లింది.

గుడ్ ఫ్రైడే అంటే నీకు తెలుసు, ఏడాదిలో అంత రద్దీ ఉన్న రోజు ఇంకోటి లేదు. గురువారం తడిమంచు మోకాలి లోతు పడింది. పొద్దున్నే మన వంటమనిషి డ్వేన్ నడుము పట్టేసి మంచం మీదనుంచి లేవలేనని కబురు పెట్టాడు. పిండి కలపాలి, వేయించాలి, వడ్డించాలి. నేనూ, ఇద్దరు వడ్డించే అమ్మాయిలూ. ఇక ఇవాళ పరువు పోయిందనుకున్నాను.

మూడు గంటల పూజ అయ్యింది. నేను చేపలు కడుగుతున్నాను. వెనకవైపు ఏదో గీకుతున్న చప్పుడు వినిపించింది. పిల్లి అనుకున్నాను, అంటే నిజం పిల్లి. తలుపు తీసి చూస్తే అన్నయ్య. పారతో వెనక మెట్ల మీద మంచు తీస్తున్నాడు. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా రాయి కనిపించేలా గీకి, బకెట్టు ఉప్పు మొత్తం చల్లాడు. నా వంక చూడలేదు. ఈ మెట్లెక్కా ఆవిడ వచ్చింది అన్నాడు. అవునన్నాను. మూడేళ్లా అన్నాడు. అవునన్నాను. కమ్మీ పెట్టాలి దీనికి, ఎవడైనా మెడ విరగ్గొట్టుకుంటాడు అని గొణుక్కున్నాడు.

తరవాత బూట్లు విదిలించుకుని లోపలికి వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని, ఉపన్యాసానికి నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ముందు తలుపు దాటనని సంతకం పెట్టాను, దాటను. వంటింటి తలుపు సంగతి తీర్మానంలో లేదు" అన్నాడు. "నేనేమీ మారలేదు. కార్డు నా జేబులోనే ఉంది. ఆ కంపెనీల కార్లు నేను అద్దెకి తీసుకోను."

నువ్వు చచ్చినా కారు అద్దెకి తీసుకునే మనిషివి కావు అన్నాను. మారమని నేనడగలేదనీ అన్నాను. మేకుకి నాన్న ఆప్రాన్ తగిలించి ఉంది కదా, అది తీసి కట్టుకున్నాడు. చిక్కినా నడుము చుట్టూ తాళ్లు చాలలేదు. నూనె కాగిందో లేదో చూడటానికి నాన్న చేసినట్టే చిటికెడు పిండి వేసి చూశాడు. వాల్టర్ ఈ పని చేసి ఉంటే హాలుకి మసి పట్టేది కాదని సణిగాడు. ఇక మాట్లాడుకునే తీరిక మాకు దొరకలేదు.

ఐదింటికి వంటింటి తలుపు చప్పుడైంది. వాల్టర్. వెనకాల ఇంకో నలుగురు. వాళ్ల వెనకాల మిగతావాళ్లు, మెట్ల మీద, చెత్తడబ్బాల పక్కన, ట్రక్కుల దాకా వరసగా. అధ్యక్షుడు వెనక తలుపున పోయాడని ఎవరో చూశారు, తీర్మానం మళ్లీ చదువుకున్నారు, అందులో ముందు తలుపు అనే రాసి ఉంది. ఆరు వారాలు మకరోనీ తిన్న మొహాలు అక్కా, నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. ఒక్కొక్కళ్లూ టోపీ తీసి, పొయ్యి పక్కనుంచి ఒంగి, నాకు దండం పెట్టినంత పనిచేసి హాల్లోకి వెళ్లారు. హాల్లో ముందు తలుపున వచ్చినవాళ్లు కొందరు, వంటింటి తలుపున వచ్చినవాళ్లు కొందరు, అందరూ అవే బల్లల దగ్గర మోచేతులు రాసుకుంటూ తిన్నారు. జెనీవా వదిన మాత్రం బల్ల దగ్గర కూర్చుని, పిల్లి ఎలా ఉందని నేనడిగితే, ఇవాళ తనే వంట చేస్తోందిలే అంది.

ఆరింటికి ఇర్మా వచ్చింది, ముందు తలుపున. అలవాటు పోతుందా, వంటవాళ్లని పలకరిద్దామని లోపలికి తొంగిచూసింది. పొయ్యి దగ్గర అన్నయ్యని చూసి ఆగిపోయింది. అన్నయ్యకి బూట్ల తాడు కట్టడం నేర్పింది ఆవిడ కాదు గానీ, ఆయన ముగ్గురు కొడుకులకీ నేర్పింది ఆవిడే. ఈయన జల్లెడ పక్కన పెట్టాడు, చెయ్యి ఆప్రాన్‌కి తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. ఇప్పుడేం వాగుతాడో అని భయపడ్డాను.

"టీచరమ్మా" అన్నాడు, "ఆ వెనక మెట్లు ఇకనుంచి నేను చూసుకుంటాను. మీరు మాత్రం ముందునుంచే రండి."

ఆవిడ తల ఊపింది. ఆయన పళ్లెంలోంచి వేడి వడియం ఒకటి కాగితంలో చుట్టి ఆవిడ చేతిలో పెట్టి, మళ్లీ చేపల వైపు తిరిగాడు. నేను మళ్లీ ఉల్లిపాయల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది.

మే నెల విందు మన హాల్లో వద్దని చెప్పాను. రేంజి హాల్లో చేసుకుంటామని ఆయనా అన్నాడు. అందులో ఇద్దరం మెత్తబడలేదు. ముందు తలుపున ఆయన వస్తాడా అంటే, తీర్మానం రద్దు చెయ్యాలంటే సభ పెట్టాలట, సభ పెట్టాలంటే వేసవి దాకా ఆగాలట. అప్పటిదాకా వంటింట్లోంచే వచ్చి తన కుర్చీలో కూర్చుంటాడట. మంచె మీద పలకలు పుచ్చిపోయాయి, ఆగస్టులో ఇద్దరం వెళ్లి మార్చాలి అని వెళ్తూ వెళ్తూ అన్నాడు. ఆ ఇద్దరం అన్న మాట వినడానికే నేను ఈ ఆరు వారాలూ బతికానేమో అనిపించింది.

పై ముక్క మళ్లీ మొదలుపెట్టాను. కార్డు చూపించక్కర్లేదు. వెనక మెట్ల మీద మంచు తీసినవాళ్లకి ఊరికే. అన్నయ్య నిన్న రెండు ముక్కలు తిని, ఇంకోటి పిల్లికని పొట్లం కట్టించుకున్నాడు.

రేపు పండగ పూజ అయ్యాక నీ ఫోను మోగుతుంది, ఎత్తు. ముందు నేను మాట్లాడాలి. అన్నయ్య చేతికిస్తే నాకు మిగలదు.

నీ చెల్లెలు,
మార్లిస్